మీ ఊరి హైస్కూల్లో 6, 7, 8 క్లాసులు ఎట్లా నడుస్తున్నాయో మీరే లెక్క తీయడం ఎలా

జూన్ వచ్చిందంటే మా ఊర్లో అందరిదీ ఒకటే ముచ్చట. బడిలో పిల్లలే లేరంట అని ఒకరంటారు, టెన్త్‌లో మనోళ్ళు బాగానే పాసయ్యారు కదా అని ఇంకొకరంటారు, రెండూ విన్న తల్లిదండ్రులు పిల్లని ఇక్కడే ఉంచాలా, పొద్దున్నే వచ్చే ప్రైవేటు స్కూల్ బస్సు ఎక్కించాలా అని తలపట్టుకుని కూర్చుంటారు. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని కోసిగి పక్కన పల్లె. మా పాప ఊరి జడ్పీ హైస్కూల్లోనే చదువుతోంది, స్కూల్ కమిటీలో నేనూ మెంబర్‌ని. కమిటీలోకి వచ్చిన కొత్తలో మీటింగ్‌లో గమ్మున కూర్చుని సంతకం పెట్టి వచ్చేదాన్ని. ఏం అడగాలో తెలిస్తే కదా అడగడానికి. తర్వాత మెల్లగా నేర్చుకున్నా, ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ లెక్క ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎట్లా చదవాలో రాసుకుంటూ పోయా. అదే ఇక్కడ చెప్తున్నా. తెలంగాణ వాళ్ళకి కూడా చాలావరకు ఇదే దారి, పేర్లు కొన్ని మారతాయి అంతే.

ఆరు నుంచి ఎనిమిది వరకే ఎందుకంటే, అందరి కళ్ళూ టెన్త్ మీదే ఉంటాయి. 2025లో ఆంధ్రలో టెన్త్ పాస్ 81.14 శాతం, తెలంగాణలో 92.78 శాతం అని టీవీలో వచ్చింది, అందరం చూశాం. కానీ ఆ పరీక్ష రాసింది టెన్త్ దాకా మిగిలినోళ్ళు మాత్రమే, ఆరో క్లాసులో వాళ్ళ పక్కన కూర్చుని మధ్యలో పోయినోళ్ళు ఆ శాతంలో ఎక్కడా లేరు. పిల్లలు జారిపోయేది ఈ మూడేళ్ళలోనే, లెక్కల్లో వెనకబడితే ఇక తేరుకోలేకపోయేది కూడా ఈ మూడేళ్ళలోనే. అందుకే నేను చూసేది ఇక్కడే.

ముందు మీ స్కూల్ యూడైస్ కోడ్ కనుక్కోండి, ప్రతి బడికీ సర్కారు ఇచ్చే నంబరు అది. పదకొండు అంకెలు ఉంటుంది. మొదటి రెండూ రాష్ట్రానివి, ఆంధ్ర అయితే 28, తెలంగాణ అయితే 36, తర్వాత రెండు జిల్లా, రెండు మండలం, మూడు ఊరు, చివరి రెండు స్కూల్‌వి. చాలా స్కూళ్ళలో గోడ మీదనో బోర్డు మీదనో రాసి ఉంటుంది, లేదంటే టీసీ మీద చూడండి, అక్కడా లేకపోతే హెచ్‌ఎం గారిని అడిగితే నోటికే చెప్తారు. ఫోన్‌లో యూడైస్ ప్లస్ సైట్ తెరిచి, అందులో నో యువర్ స్కూల్ అనే చోట ఈ కోడ్ కొడితే మీ బడి రిపోర్ట్ కార్డు వస్తుంది. ఏ క్లాసులో అబ్బాయిలు ఎంతమంది, అమ్మాయిలు ఎంతమంది, టీచర్లు ఎంతమంది, గదులు, టాయిలెట్లు, కరెంటు, లైబ్రరీ అన్నీ ఉంటాయి, ఏ సంవత్సరానిది కావాలో మార్చుకోవచ్చు కూడా. ఇది స్కూల్ వాళ్ళు నింపిందే అని మాత్రం గుర్తుపెట్టుకోండి, బయటోళ్ళు వచ్చి లెక్కపెట్టింది కాదు. మా నోట్‌బుక్‌లో గదులు, బెంచీలు, కాంపౌండ్ వాల్ గురించి ఒక్క పేజీయే ఉంది, ఎందుకంటే అవి కళ్ళకి కనిపిస్తాయి, వాటికి సైట్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మొత్తం స్ట్రెంత్ చూసి పెరిగిందా తగ్గిందా అని చెప్పేస్తారు. అది వద్దు. ఒక పేజీలో అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా 6, 7, 8 క్లాసులు వేసుకుని అంకెలు నింపండి, తర్వాత ఐమూలగా చదవండి. అంటే 2022-23లో ఆరో క్లాసులో ఉన్నోళ్ళే 2023-24లో ఏడు, 2024-25లో ఎనిమిది, వాళ్ళది ఒకటే బ్యాచ్. ఉదాహరణకి ఒక బడి అనుకుందాం, మొదటి ఏడు ఆరులో 52, ఏడులో 44, ఎనిమిదిలో 40, మొత్తం 136. రెండేళ్ళ తర్వాత ఆరులో 58, ఏడులో 43, ఎనిమిదిలో 37, మొత్తం 138. మొత్తం చూస్తే ఇద్దరు పెరిగారు, అందరూ సంతోషం. ఐమూలగా చూడండి, 52 మందిగా మొదలైన బ్యాచ్ ఎనిమిదికి వచ్చేసరికి 37 అయింది, పదిహేను మంది లేరు. ఆ పదిహేను మంది ఎక్కడున్నారు అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న, స్ట్రెంత్ ఎంత అన్నది కాదు.

అబ్బాయిలు అమ్మాయిలు విడివిడిగా వేసుకోండి, దయచేసి ఇది మర్చిపోవద్దు. మా వైపు మగపిల్లోడైతే అప్పు చేసైనా బస్సు ఎక్కిస్తారు, ఆడపిల్ల అయితే ఊరి బడి చాల్లే అంటారు, అందుకే అబ్బాయిల గడిలో ఆరో క్లాసుకే అంకె పడిపోతుంది. అమ్మాయిల గడిలో ఏడు ఎనిమిది మధ్య పడిపోయిందంటే మాత్రం గట్టిగా ఆలోచించాలి, ఆ అమ్మాయి ఇంకో బడికి పోలేదు, ఇంట్లో ఉండిపోయింది, లేకపోతే పెళ్ళి మాటలు నడుస్తున్నాయి అని అర్థం కావచ్చు. కలిపి వేస్తే ఈ రెండు కథలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏదీ కనపడదు.

అంకెలు చదివేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది, ముందే చెప్పేస్తా. ఒకటి, ఆంధ్రలో 2022లో 117 జీవో వచ్చి చాలా ఊర్లలో 3, 4, 5 క్లాసుల్ని దగ్గర్లోని హైస్కూల్‌కి మార్చారు. దాంతో హైస్కూళ్ళ స్ట్రెంత్ ఒక్కసారిగా ఎగిరింది, ప్రైమరీ స్కూళ్ళు ఖాళీ అయ్యాయి, పిల్లలు మాత్రం అదే పిల్లలు. 2025లో ఆ జీవో తీసేసి మళ్ళీ స్కూళ్ళని కొత్త రకాలుగా సర్దారు, మళ్ళీ అంకెలు అటూ ఇటూ అయ్యాయి. కాబట్టి మొత్తం హైస్కూల్ అంకె పట్టుకుని బడి పెరిగింది, బడి పడిపోయింది అనే మాట అనొద్దు, 6, 7, 8 మాత్రమే తీసుకోండి. రెండోది, 2022-23 నుంచి యూడైస్‌లో ఒక్కో పిల్లాడి పేరుతో విడిగా ఎక్కిస్తున్నారు, అంతకుముందు స్కూల్ వాళ్ళు క్లాసుకి ఇంతమంది అని మొత్తం ఇచ్చేవాళ్ళు. పేరు ఇక్కడ కూడా, ప్రైవేటులో కూడా ఉన్న పిల్లలు పాత పద్ధతిలో రెండుసార్లు లెక్కలోకి వచ్చేవాళ్ళు, కొత్త పద్ధతిలో అది తగ్గింది. అందుకే 2021-22కి 2022-23కి మధ్య అంకె తగ్గితే దాన్ని పిల్లలు పోయారు అని వెంటనే అనేయకూడదు. నేనైతే ఆ రెండేళ్ళ మధ్య ఎర్ర పెన్నుతో ఒక గీత గీసుకున్నా, గీతకి అటు అంకెలు అటే, ఇటు అంకెలు ఇటే.

బ్యాచ్ మధ్యలో తగ్గడం ఒక సంగతి, అసలు ఆరులోకే రాకపోవడం ఇంకో సంగతి. దీనికి మీ హైస్కూల్‌కి పిల్లల్ని పంపే ప్రైమరీ స్కూళ్ళు ఏవో చూసుకోవాలి, మన ఊరిది ఒకటి, పక్క తండాది ఒకటి, ఎస్సీ కాలనీది ఒకటి ఇట్లా ఉంటాయి. పోయిన ఏడు వాటిల్లో ఐదో క్లాసులో ఎంతమంది ఉన్నారో కూడండి, ఈ ఏడు మన ఆరో క్లాసులో ఎంతమంది చేరారో చూడండి. తేడా వచ్చిందంటే అందరూ ప్రైవేటుకి పోయారు అనుకుంటాం, నేనూ అట్లే అనుకున్నా. కూర్చుని పేరు పేరునా అడిగితే వేరే తేలుతుంది. గురుకులాలకి ఎంట్రన్స్ రాసి ఐదో క్లాసులోనే కొందరు పోతారు, వాళ్ళు అసలు మన ఐదో క్లాసు లెక్కలోనే ఉండరు. ఆరో క్లాసుకి కస్తూర్బా స్కూల్, మోడల్ స్కూల్, నవోదయ ఉన్నాయి, నవోదయకి జిల్లా మొత్తానికి ఆరో క్లాసులో 80 సీట్లే గానీ కస్తూర్బాకి మా వైపు నుంచి అమ్మాయిలు బాగానే పోతారు. వీళ్ళంతా సర్కారు బడిలోనే చదువుతున్నారు, ఊరి బడి అంకె తగ్గినా పిల్లలకి నష్టం లేదు. ప్రైవేటుకి పోయినోళ్ళు ఇంకో గుంపు. ఏ బడిలోనూ లేని పిల్లలు మూడో గుంపు, మనం వెతకాల్సింది వీళ్ళని.

ఈ మూడు గుంపులు విడదీయడానికి సైట్ పనికిరాదు, బడికి పోయి అడ్మిషన్ రిజిస్టర్, టీసీలు ఇచ్చిన వివరాలు చూపించమని హెచ్‌ఎం గారిని అడగాలి. కమిటీ మెంబర్ అయితే సులువు, కాకపోయినా మీ కమిటీ చైర్మన్‌ని వెంటబెట్టుకుని పోండి. ఇంకో మాట, యూడైస్‌లో డ్రాప్‌బాక్స్ అని ఒకటి ఉంటుంది, ఒక స్కూల్ నుంచి పేరు తీసేసి ఇంకో స్కూల్లో ఇంకా ఎక్కని పిల్లలంతా అందులో కనిపిస్తారు. సార్, మన స్కూల్ పిల్లలు డ్రాప్‌బాక్స్‌లో ఎంతమంది ఉన్నారు, అందులో ఎవరెవరిని ఇంటికి పోయి చూశారు అని అడగండి. ఈ ప్రశ్న తల్లిదండ్రుల నోట్లోంచి వస్తే సార్లు కూడా సీరియస్‌గా తీసుకుంటారు, చుట్టుపక్కల బడులు చూసుకునే సీఆర్‌పీ బండేసుకుని మీ వెంట వస్తాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైంది చెప్తా, హాజరు. పేరు ఉండటం వేరే, పిల్లాడు బెంచీ మీద ఉండటం వేరే. మా పడమటి మండలాల్లో వానలు పడకపోతే దీపావళి నుంచే సుగ్గికి పోతారు, అంటే వలస, పత్తి తీయడానికి, సంక్రాంతి అయ్యాక గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఇంటిల్లిపాదీ పోతారు, ముసలోళ్ళు మాత్రం ఉంటారు. యూడైస్ లెక్క తీసుకునేది సెప్టెంబర్ 30 తేదీ మీద, ఆ రోజుకి మా పిల్లలంతా ఊర్లోనే ఉంటారు! నాలుగు నెలలాగి చూస్తే సగం బెంచీలు ఖాళీ, రిపోర్ట్ కార్డులో మాత్రం నిండుగా ఉంటుంది.

పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు ఏడో క్లాసు అటెండెన్స్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. జూలై పేజీలో అన్ని గళ్ళలోనూ టిక్కులే, పేజీ నల్లగా నిండి ఉంది. జనవరి పేజీ తిప్పితే పండగ దాకా టిక్కులు, పండగ తర్వాత కొన్ని పేర్ల పక్కన వరసగా ఆబ్సెంట్ గుర్తులే నెలాఖరు దాకా. ఒక పేరు మా వీధి పిల్లదే, వాళ్ళ అవ్వ మా ఇంటికి మజ్జిగకి వస్తుంది. మార్చి చివర్లో తిరిగొచ్చింది ఆ పిల్ల, చేతివేళ్ళు మిరపకాయల మంటకి బొబ్బలెక్కి, సమ్మేటివ్ పరీక్ష ఏ రోజో కూడా తెలీదు. పిల్ల పేరు మాత్రం రోల్‌లోనే ఉంది, డ్రాపౌట్ కిందికి రాదు, ఏ రిపోర్టులోనూ ఆమె సంగతి లేదు. ఆ రోజు నుంచి నేను స్ట్రెంత్ అంకె ఎవరు చెప్పినా, ఏ నెలది అని అడుగుతున్నా.

చేయాల్సింది ఇది. రిజిస్టర్‌లో జూలై, నవంబర్, ఫిబ్రవరి మూడు నెలలు తీసుకోండి, ఒక్కో నెలలో ఏవైనా ఐదు రోజులు, ఆ రోజుల హాజరు కూడి ఐదుతో భాగించండి. రోల్ 37 ఉండి ఫిబ్రవరి సగటు 24 వచ్చిందనుకోండి, మీ బడిలో ఎనిమిదో క్లాసు స్ట్రెంత్ ఫిబ్రవరిలో 24 అంతే. అనుమానం ఉంటే మధ్యాహ్న భోజనం లెక్క కూడా పక్కన పెట్టుకోండి, తిన్నోళ్ళ సంఖ్య హాజరుకి దగ్గరగా ఉండాలి, కొందరు ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటారు కాబట్టి కొంచెం తక్కువ ఉండొచ్చు. పథకాల డబ్బులకి 75 శాతం హాజరు అని నిబంధన పెట్టినప్పుడు రిజిస్టర్ మీద ఒత్తిడి ఉంటుంది, తల్లిదండ్రులే వచ్చి వేయండి సార్ అని బతిమాలతారు, ఆ సార్ల ఇబ్బంది నేను చూశా, కాబట్టి ఒక్క రిజిస్టర్ మీదే ఆధారపడకుండా మీరు ఒక మంగళవారమో బుధవారమో పోయి తలలు లెక్కపెట్టుకుని రావడం మంచిది. సోమవారం, పండగ మర్నాడు వద్దు, ఎక్కడైనా తక్కువే ఉంటారు.

సుగ్గి ఉన్న ఊర్లకి సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద సీజనల్ హాస్టల్ పెట్టే ఏర్పాటు ఉంది, అమ్మానాన్న పోయినా పిల్లలు ఊర్లోనే ఉండి తిని చదువుకునేలా. అది అడగాల్సింది జనవరిలో కాదు, అప్పటికి బండ్లు కదిలిపోయి ఉంటాయి. దసరా లోపు కమిటీ తీర్మానం రాసి, పోయిన ఏడు ఫిబ్రవరి హాజరు లెక్క జతచేసి మండల విద్యాధికారి, అంటే ఎంఈఓ ఆఫీసులో ఇవ్వండి. ఆంధ్రలో ఇప్పుడు మండలానికి ఇద్దరు ఎంఈఓలు ఉంటారు, ఇద్దరికీ కాపీ ఇవ్వండి, ఆయన చూస్తాడు ఈయన చూస్తాడు అనే మాట రాకుండా. పిల్లల్ని వెంట తీసుకుపోక తప్పనోళ్ళకి ఒకటి చెప్పండి, పోయిన చోట సర్కారు బడిలో చేర్పించొచ్చు, టీసీ ఇంకా రాలేదని చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టంలోనే ఉంది. యూడైస్‌లో పిల్లాడికి ఇచ్చిన పెన్ నంబరు, ఆధార్ జిరాక్సు మడతపెట్టి అమ్మ సంచిలో వేసి పంపండి చాలు.

దూరం సంగతి కూడా ఒకసారి చూసుకోండి. 6 నుంచి 8 క్లాసులకి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని చట్టం. తండాల నుంచి అంతకంటే ఎక్కువ నడిచే పిల్లలుంటే సమగ్ర శిక్షలో ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఏడాదికి 6,000 రూపాయల దాకా ఇచ్చే వీలుంది, హెచ్‌ఎం గారు పేర్లు పంపారా లేదా అడగండి.

టీచర్ల విషయానికి వద్దాం. ఆరు నుంచి ఎనిమిదికి 35 మందికి ఒక టీచర్ ఉండాలి, అంతేకాదు సైన్సు-లెక్కలకి, సోషల్‌కి, భాషలకి కనీసం ఒక్కొక్కరు ఉండాలి. రిపోర్ట్ కార్డులో మొత్తం టీచర్లు పది మంది అని చూసి సరిపోయారు అనుకోవద్దు, అందులో లెక్కల స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ లెక్కల టీచర్ ఉన్నారా, ఉంటే ఈ బడిలోనే ఉన్నారా లేక వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద ఇంకో ఊరికి పోయారా అన్నది చూడాలి. దీనికి మంచి ఉపాయం టైమ్‌టేబుల్. ఆఫీసు రూములో గోడకి అంటించి ఉంటుంది, ఫోటో తీసుకోండి. ఆరో క్లాసు లెక్కలు ఎవరు చెప్తున్నారు, ఏ పీరియడ్‌లో అని చూడండి. చాలా చోట్ల మంచి సీనియర్ సార్ల పీరియడ్లన్నీ తొమ్మిది పదికి పోతాయి, ఎందుకంటే పై నుంచి అడిగేది టెన్త్ రిజల్టే, డిసెంబర్ నుంచి స్పెషల్ క్లాసులు మొదలైతే ఆరో క్లాసుని పీఈటీ సార్ చూసుకుంటారు. సార్లని తప్పుపట్టడానికి కాదు ఇది చెప్పేది, ఉన్న మనుషులతో వాళ్ళు సర్దుతున్నారు. కానీ ఆరో క్లాసులో భిన్నాలు రానోడికి తొమ్మిదిలో స్పెషల్ క్లాసు పెట్టి ఏం ఉపయోగం? ఆంధ్రలో 2025లో మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు, తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులు ఇచ్చారు కాబట్టి మీ బడికి కొత్త టీచర్ వచ్చి ఉండొచ్చు, ఏ సబ్జెక్టుకి వచ్చారు, ఏ ఖాళీ ఇంకా ఉంది అని కనుక్కోండి.

ఇక చదువు ఎట్లా ఉంది అనేది. ఎఫ్ఏ, ఎస్ఏ అని బడిలో పెట్టే పరీక్షల మార్కులు ప్రోగ్రెస్ కార్డులో వస్తాయి, చూడండి, కానీ వాటితో ఆగొద్దు, ఎందుకంటే పేపర్ సిలబస్ మీద ఉంటుంది, పిల్లాడు గైడులోది బట్టీపట్టి రాసినా మార్కులు పడతాయి. బయటి కొలతలు రెండు మూడు ఉన్నాయి. కేంద్రం చేసే సర్వే ఒకటి, 2021 నవంబర్‌లో 3, 5, 8, 10 క్లాసులకి చేశారు, 2024 డిసెంబర్ 4న పరఖ్ పేరుతో 3, 6, 9 క్లాసులకి చేశారు. ఇది జిల్లా మొత్తానికి ఇచ్చే రిపోర్టు, మీ బడి మార్కు అందులో ఉండదు, పైగా క్లాసులే మారాయి కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మన జిల్లా పిల్లలు లెక్కల్లో ఏ అంశంలో తడబడుతున్నారో తెలుసుకోవడానికి బాగుంటుంది.

మీ బడికి సూటిగా పనికొచ్చే కొలత ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. ఎనిమిదో క్లాసు పిల్లలు రాస్తారు, సర్కారు, ఎయిడెడ్ బడులకే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి, సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. మీ బడి నుంచి ఎంతమంది అప్లై చేశారు, ఎంతమంది రాశారు, ఎంతమందికి వచ్చింది, మూడేళ్ళవి అడగండి. రావడం కంటే కూడా అప్లై చేసినోళ్ళ సంఖ్యే నాకు ఎక్కువ చెప్తుంది, ఎనిమిదో క్లాసు పిల్లల్ని కూర్చోబెట్టి ఫారం నింపించే సార్ ఒకరున్నారంటే ఆ బడిలో ప్రాణం ఉన్నట్టే.

అసలైన పరీక్ష మాత్రం ఇంటి అరుగు మీదే చేయొచ్చు. అసర్ సర్వే వాళ్ళు దేశమంతా పల్లెల్లో ఇదే చేస్తారు, రెండో క్లాసు స్థాయి చిన్న కథ చదివిస్తారు, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమంటారు. 2024 లెక్కల్లో సర్కారు బడుల ఎనిమిదో క్లాసు పిల్లల్లో ఆ కథ చదవగలిగినోళ్ళు 67.5 శాతం, దేశం మొత్తం పల్లెల్లో ఎనిమిదో క్లాసు వాళ్ళలో భాగహారం చేయగలిగినోళ్ళు 45.8 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు ఎనిమిదికి వచ్చినా భాగహారం రాకుండానే ఉన్నారు! నేను మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి చూశా. ఒక ఎనిమిదో క్లాసు అబ్బాయికి 579 ని 4 తో భాగించమని ఇచ్చా. చకచకా గీత గీసి, నాలుగొకట్ల నాలుగు, 5 లో 4 పోతే 1, పక్కన 7 దించి 17, నాలుగు నాలుగులు పదహారు అని బాగానే వచ్చాడు, మిగిలిన 1 పక్కన 9 దించి 19 అయ్యాక ఆగిపోయాడు. నాలుగో ఎక్కం పదహారు దాటి నోరు తిరగలేదు, నాలుగు ఐదులు 19 దాటతాయో లేదో తేల్చుకోలేకపోయాడు. వాడికి భాగహారం తెలుసు, ఎక్కం రాదు. రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఎక్కాలు అప్పజెప్పించుకుంటే తీరిపోయే జబ్బు, ప్రోగ్రెస్ కార్డులో మాత్రం లెక్కల్లో సి గ్రేడ్ అని ఉంటుంది, ఎందుకు సి అన్నది ఎవరూ చెప్పరు.

మీరు చేసేటప్పుడు ఒక్కొక్కరినే పిలవండి, పక్కనోళ్ళు నవ్వితే పిల్లలు ముడుచుకుపోతారు. రెండో క్లాసు తెలుగు వాచకం తీసుకోండి, వాళ్ళు ఎప్పుడూ చూడని పేజీ ఇవ్వండి. మా వైపు ఇళ్ళలో కన్నడం, ఉర్దూ, సుగాలి మాట్లాడే పిల్లలు చాలామంది, వాళ్ళు తెలుగు మెల్లగా చదువుతారు, దాన్ని రాదు కింద వేయొద్దు. ఆంధ్ర పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు ఒక పక్క తెలుగు ఉంటుంది కదా, ఏ పక్క చూసి చదువుకుంటున్నావ్ అని కూడా అడగండి, జవాబు వింటే క్లాసులో ఏం జరుగుతోందో సగం అర్థమవుతుంది. నోట్‌బుక్‌లో చదివాడు, చదవలేదు, భాగించాడు, ఎక్కడ ఆగాడు, ఇంతే రాసుకోండి.

శాతాలు కట్టేటప్పుడు జాగ్రత్త. క్లాసులో ఇరవై మందే ఉంటే ఒక్క పిల్లాడు అంటే ఐదు శాతం, ఈ ఏడు ముగ్గురు తగ్గితే పదిహేను శాతం పడిపోయింది అని ఊరంతా చాటడం తప్పు. చిన్న బడులకి శాతం వదిలేసి మనుషుల్నే చెప్పండి, ఇరవైలో పదిహేడు అని. ప్రైవేటు బడితో పోల్చి చూపించడం కూడా నాకు ఇష్టం లేదు, అక్కడికి పోయే పిల్లల్లో ఇంట్లో చదువుకున్నోళ్ళు, ట్యూషన్ పెట్టించుకున్నోళ్ళు ఎక్కువ ఉంటారు, సుగ్గికి పోయే పిల్ల అక్కడ ఉండదు. మన బడిని మన బడి పోయిన ఏడుతోనే పోల్చుకోవాలి.

లెక్క తేలాక ఎక్కడ పెట్టాలి అంటే స్కూల్ కమిటీలోనే. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్ళు ఉండాలి, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా ఆ కమిటీయే. మెగా పేరెంట్ మీటింగ్‌లో అడగొచ్చు గానీ ఆ రోజు జనం, ఫోటోలు, భోజనాల హడావుడి ఎక్కువ, ఇంత వివరంగా కుదరదు. మామూలు నెల మీటింగ్‌కి ఒక రోజు ముందే హెచ్‌ఎం గారికి మీ పేజీ చూపించండి. అందరి ముందూ మొదటిసారి బయటపెడితే ఆయనకి అవమానంగా ఉంటుంది, ముందే చూపిస్తే తప్పులుంటే ఆయనే దిద్దుతారు. మా సార్ మా లెక్కలో ఇద్దరు అమ్మాయిల్ని చూపించి వీళ్ళు కస్తూర్బాలో ఉన్నారమ్మా అని పేర్లు కొట్టేయించారు, మంచిదే కదా. మీటింగ్‌లో బడి బాగాలేదు అనే మాట అసలు వద్దు, పట్టుకోగలిగే పని ఒక్కటి అడగండి. ఆరో క్లాసు లెక్కలు వారానికి మూడు పీరియడ్లైనా లెక్కల సారే చెప్పాలి, ఏప్రిల్లోనే ఐదో క్లాసు పిల్లల ఇళ్ళకి కమిటీ, సార్లు కలిసి పోవాలి, ఇట్లాంటివి. ఏప్రిల్ అని ఎందుకంటున్నానంటే జూన్‌లో బడిబాట అని పోయేసరికి ప్రైవేటు వాళ్ళు మే నెలలోనే సీటు మాట్లాడేసుకుని అడ్వాన్సు కూడా తీసుకుని ఉంటారు. ఒప్పుకున్నది మినిట్స్ పుస్తకంలో తేదీతో రాయించి సంతకాలు పెట్టించండి, నోటి మాట అయితే హెచ్‌ఎం ట్రాన్స్‌ఫర్ అయిన రోజే పోతుంది.

ఎంత అడిగినా అంకెలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైన 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు వాళ్ళకి అదీ లేదు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. క్లాసు వారీగా, నెల వారీగా హాజరు సంఖ్య, మంజూరైన పోస్టులు, ఖాళీలు అని అంకెలే అడగండి, పిల్లల పేర్లు, కులం అడగొద్దు. మీ దగ్గరున్న పేర్ల పేజీ కూడా వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టకండి. నా నోట్‌బుక్‌లో పేర్లు వెనక పేజీల్లో ఉంటాయి, మీటింగ్‌కి ముందు పేజీలు మాత్రమే జిరాక్సు తీసుకుపోతా. మళ్ళీ అక్టోబర్ మొదటి వారంలో, సెప్టెంబర్ 30 లెక్క ఎక్కించేశాక, కొత్త ఆరో క్లాసు అంకె తెచ్చి గళ్ళలో ఇంకో వరస వేసుకుంటా, ఫిబ్రవరి గడి అప్పటికి ఖాళీగానే ఉంటుంది.